నూరు చుక్కల్లో వడ్డీ లెక్క

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. బ్యాంకు మిత్రగా, అంటే బ్యాంకు తరఫున ఊళ్ళో కౌంటరు నడుపుతూ పని చేస్తున్నాను. వడ్డీలు, బీమా, ఫోన్ మోసాలు, ప్రభుత్వ పథకాల గురించి ఎనిమిది నెలలుగా తెలుగులో వివరంగా రాసి వాట్సాప్ ఛానల్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. ఫాలోవర్లు 340 దాటలేదు. మా ఊరి కుర్రకారుకి ఇంట్లో తెలుగే, బడి మాత్రం ఒడియాలో. నేను రాసింది వాళ్ళకు చదవడం రాదు. పెద్దవాళ్ళకు అంత పొడుగు చదివే ఓపిక లేదు. బొమ్మలు పెడితే చూస్తారంటున్నారు. నాకు బొమ్మలు వెయ్యడం రాదు. ఎలా మొదలుపెట్టాలి? అక్షరాలు తెలుగులో ఉండాలా, ఒడియాలోనా? ఎన్నాళ్ళకు జనం పెరుగుతారు?

జవాబు: ముగ్గు వెయ్యడం వచ్చు కదా, అది చాలు. చుక్క, గీత, డబ్బా, బాణం. మీరు చెప్పదలచిన డబ్బు సంగతుల్లో చాలా భాగం ఈ నాలుగింటితోనే చూపించవచ్చు. మనుషుల ముఖాలు, నోట్ల కట్టలు, నవ్వుతున్న రైతు ఇవేవీ గీయనక్కర్లేదు. అలాంటివి అతికించిన పోస్టును చూసి జనం పండగ శుభాకాంక్షల కార్డనుకుని దాటిపోతారు.

ముందు ఏం గీయాలో తేలాలి. మీ కౌంటరు దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నను వాళ్ళ మాటల్లోనే, ఒక్క వాక్యంలో రాసుకోండి. "రెండ్రూపాయల వడ్డీయే కదమ్మా, ఎక్కువేం కాదు." "డబ్బులొస్తాయని పిన్ కొట్టమన్నాడు, కొట్టనా?" "ఇరవై రూపాయలు ఎందుకు కోశారు?" నెల తిరిగేసరికి ఒకే ప్రశ్న పదిసార్లు కనబడుతుంది. మీ మొదటి బొమ్మ అదే. వివరంగా రాశానన్నారు కాబట్టి మీ ఒక్కో పోస్టులో నాలుగైదు సంగతులు ఉండి ఉంటాయి. బొమ్మలో ఒక్కటే పడుతుంది. రెండో సంగతి చెప్పాలనిపిస్తే రెండో బొమ్మ వెయ్యండి.

ఆ మొదటి మాటనే తీసుకుని చివరిదాకా వేసి చూద్దాం. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ సంగతి రాస్తే "ఆహా" అంటారు గానీ మనసుకెక్కదు. "రెండు" అన్న మాట చిన్నది, చెవికి చిన్నదిగానే వినబడుతుంది. దాన్ని కంటికి చూపించాలి. బొమ్మలు చేసే యాప్‌లో (ఏ యాప్ అన్నది కింద చెబుతాను) 1080 పిక్సెళ్ళ వెడల్పు, 1350 ఎత్తు ఉన్న ఖాళీ తెల్ల పేజీ తెరవండి. పిక్సెల్ అంటే తెర మీద బొమ్మను కొలిచే అతి చిన్న గడి. పది వరసలు, వరసకు పది చుక్కలు. చుక్క అడ్డుకొలత 56 పిక్సెళ్ళు, ఒక చుక్క నడిమి నుంచి పక్కచుక్క నడిమికి 88. అలా పెడితే మొత్తం ముగ్గు 848 పిక్సెళ్ళు వస్తుంది, రెండు పక్కలా 116 చొప్పున ఖాళీ మిగులుతుంది. చుక్కలన్నీ లోపల ఖాళీగా, నల్లని అంచుతో ఉండాలి. అంచు మందం 6 నుంచి 8 పిక్సెళ్ళు. అంతకన్నా సన్నగా గీస్తే వాట్సాప్ బొమ్మను కుదించినప్పుడు గీత చెదిరిపోతుంది.

ఈ నూరు చుక్కలూ అప్పు తీసుకున్న నూరు రూపాయలు. ఇప్పుడు నెలకు రెండు చొప్పున ఇటుక రంగు నింపండి. జూన్‌లో పత్తి విత్తనాలకని తీసుకుని జనవరిలో సంక్రాంతికి తీర్చేవాళ్ళకు ఏడు నెలలు, 14 చుక్కలు. ఏడాది దాటనిస్తే 24. రెండు వరసలు నిండి మూడో వరసలో నాలుగు. పైన "రెండ్రూపాయల వడ్డీ", కింద "ఏడాదికి ఇంత" అని పెడితే సరిపోతుంది. నూరు రూపాయల్లో పావువంతుకి దగ్గరగా రంగు పడిందని చూసినవాడికి లెక్క రాకపోయినా తెలిసిపోతుంది.

తర్వాతి బొమ్మలో పక్కపక్కన రెండు చిన్న ముగ్గులు పెట్టండి. చుక్క 30 పిక్సెళ్ళు, నడిమి నుంచి నడిమికి 46. ఒక్కో ముగ్గు 444 వెడల్పు వస్తుంది. మధ్యలో 64, అటూ ఇటూ 64 వదిలితే పేజీకి సరిగ్గా సరిపోతాయి. ఎడమ ముగ్గులో 24 చుక్కలు, కుడి ముగ్గులో కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణానివి 7. గడువులోపు కట్టేస్తే వడ్డీ రాయితీ పోను 4. ఆ ఏడింటిలో మూడు చుక్కలను అడ్డంగా కొట్టి చూపవచ్చు. ఎంత మొత్తం వరకు, ఎవరికి, ఏ షరతులతో అన్నది బొమ్మలోకి రానివ్వకండి. బొమ్మ బయట, పోస్టు కింద మీరు రాసే నాలుగు వాక్యాలలో దాని చోటు ఉంది. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. మీరు అదే ఊళ్ళో బతకాలి. పోల్చేది వడ్డీ రేట్లనే గానీ వడ్డీకిచ్చే మనుషులను కాదని బొమ్మ చూస్తేనే తెలియాలి. మీసాలాయన బొమ్మ, సంచి బొమ్మ పెట్టకండి.

చక్రవడ్డీకి వేరే బొమ్మ వెయ్యాలి. నెలకు రెండు శాతం, కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోతే 35 నెలలకు అప్పు దాదాపు రెట్టింపవుతుంది. మామూలు వడ్డీ అయితే 50 నెలలు పడుతుంది. దీనికి రెండు అడ్డగీతలు చాలు. ఒకటి 350 పిక్సెళ్ళు, ఇంకొకటి 500, రెండూ ఎడమవైపు ఒకేచోట మొదలవ్వాలి. చివర "అప్పు రెట్టింపు" అని ఒక నిలువు గుర్తు. గీత ఎప్పుడూ సున్నా దగ్గరే మొదలవ్వాలి. మధ్యలోంచి మొదలుపెట్టి తేడాను పెద్దది చేసి చూపిస్తే, తెలిసినవాడు ఒక్కడు పట్టుకున్నా మీ మిగతా బొమ్మలన్నిటి మీదా నమ్మకం పోతుంది.

కొత్తవాళ్ళు తరచు చేసే తప్పు ఒకటుంది. పది వేలకు ఒక కుండ గీసి, ఇరవై వేలకు అదే కుండను రెట్టింపు ఎత్తు చేస్తారు. ఎత్తుతోపాటు వెడల్పూ రెట్టింపవుతుంది కాబట్టి కుండ నాలుగింతలు కనిపిస్తుంది. రెట్టింపు చెప్పబోయి నాలుగు రెట్లు చెప్పినట్టు. కుండను పెంచకండి, అంతే కుండను ఇంకొకటి పక్కన పెట్టండి. 1920లలో వియన్నాలో ఒట్టో నాయ్‌రాత్ బృందం జనాభా, ఇళ్ళు, జీతాల లెక్కలను మామూలు కార్మికులకు అర్థమయ్యేలా గీసినప్పుడు పెట్టుకున్న నియమం ఇదే. ఎక్కువైతే బొమ్మల సంఖ్య పెరగాలి, బొమ్మ సైజు పెరగకూడదు.

మోసాల సంగతికి చుక్కలు పనికిరావు, బాణాలు కావాలి. రెండు నిలువు డబ్బాలు గీస్తే రెండు ఫోన్లు. అలాంటి జంటలు పైన ఒకటి, కింద ఒకటి గీయండి. పై జంటలో మీ ఫోన్ నుంచి బయటికి బాణం, బాణం మీద తాళం బొమ్మ, కింద "పంపడానికి పిన్". కింది జంటలో మీ ఫోన్ లోపలికి బాణం, తాళం లేదు, "రావడానికి పిన్ అక్కర్లేదు". యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అడగరు. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే క్యూఆర్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అనేవాడి ఆట సాగదు. మూలలో 1930 అని పెద్దగా వెయ్యండి. అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు. డబ్బు పోయిన వెంటనే ఎంత తొందరగా ఫోన్ చేస్తే దాన్ని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ బొమ్మను ఏటా నాలుగైదుసార్లు మళ్ళీ మళ్ళీ పెట్టినా తప్పులేదు.

డబ్బాల వాడకానికి మీ దగ్గర అందరూ అడిగే సుభద్ర పథకమే, ఒడిశా ప్రభుత్వం మహిళలకు డబ్బు వేసే పథకమే, మంచి ఉదాహరణ. ఏడాదికి రెండు విడతలు, విడతకు 5 వేలు, అయిదేళ్ళు. అయిదు నిలువు వరసలు, వరసకు రెండు డబ్బాలు, మొత్తం పది. పడిన విడతలకు రంగు, రావలసినవి ఖాళీ. "మొత్తం యాభై వేలు ఒకేసారి వస్తాయా?" అన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కర్లేదు. విడత పడినప్పుడల్లా ఒక డబ్బా నింపి మళ్ళీ పెట్టండి. జనం ఆ బొమ్మ కోసం ఎదురు చూడడం మొదలుపెడతారు.

ఇక లిపి సంగతి. మీ అసలు చిక్కు ఇదే, లోపలి జిల్లాల్లో పేజీలు నడిపేవాళ్ళకు ఇది లేదు. నా సలహా: ఒకే బొమ్మ మీద రెండు లిపులు పెట్టకండి. రెండూ పెడితే అక్షరాలు చిన్నవవుతాయి, కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు, బొమ్మ బస్టాండు బోర్డులా తయారవుతుంది. బొమ్మను ముందు మాటలు లేకుండా పూర్తి చెయ్యండి. ఎక్కడ అర్థం కాదో అక్కడ మాత్రమే మాట పెట్టండి, మొత్తం ఆరు మాటలు దాటనివ్వకండి. అంకెలు 1, 2, 3 అని వేస్తే రెండు లిపుల వాళ్ళకూ తెలుస్తాయి. అప్పుడు అదే బొమ్మకు తెలుగు ప్రతి ఒకటి, ఒడియా ప్రతి ఒకటి చెయ్యడం అయిదు నిమిషాల పని. ఆరు మాటలే కాబట్టి ఒడియా చక్కగా వచ్చినవాళ్ళ చేత చూపించుకోవడమూ తేలికే. తప్పక చూపించుకోండి, డబ్బు విషయంలో ఒక్క మాట తేడా వస్తే అర్థమే మారిపోతుంది.

కుర్రకారుకు చదవడం రాకపోయినా వినడం వచ్చు. అందుకని బొమ్మకు మీ గొంతు తోడు కావాలి. ఆ నూరు చుక్కల ముగ్గులో రెండేసి చుక్కలు నిండుతూ ఉంటే మీరు "జూన్‌కి రెండు, జూలైకి రెండు" అని లెక్కపెడుతూ పోండి. నెలకు రెండు సెకన్లు చొప్పున పన్నెండు నెలలకు 24 సెకన్లు, చివర్లో ఒక్క వాక్యం. అరనిమిషం రీల్ తయారు. పన్నెండు పేజీలుగా చేసుకుని ఒక్కొక్కటి తిప్పుతూ ఫోన్ తెరను రికార్డు చేసినా సరే, కాగితం మీద స్కెచ్ పెన్నుతో నింపుతూ పైనుంచి వీడియో తీసినా సరే. రీల్ కొలత 1080 వెడల్పు, 1920 ఎత్తు. పైన ఏడో వంతు, కింద మూడో వంతు ఖాళీగా వదలాలి, అక్కడ పేజీ పేరు, బటన్లు వచ్చి కప్పేస్తాయి. పైన చెప్పిన 848 పిక్సెళ్ళ ముగ్గు మధ్యలో హాయిగా పడుతుంది. మాట మాత్రం గుణుపురంలో ఎలా మాట్లాడతారో అలాగే ఉండాలి. టీవీ వార్తల తెలుగు వద్దు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తి గారు వాదించింది మీ పొరుగునే, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే కదా. "రుణగ్రహీత" అని రాసే చోట "అప్పు తీసుకున్నవాళ్ళు" అని రాయండి.

రంగులు: తెలుపు మీద నలుపు, నొక్కి చెప్పడానికి ఒకే ఒక్క రంగు. తెలుపు మీద పసుపు అస్సలు కనబడదు. నల్ల నేల మీద తెల్ల అక్షరాలు గదిలో అందంగా ఉంటాయి గానీ, పొలం గట్టున ఎండలో ఫోన్ చూసేవాళ్ళకు తెల్ల నేలే నయం. ఏ పార్టీ జెండాకూ దగ్గర కాని రంగు ఎంచుకోండి, ఎన్నికలొస్తే మీ పాత బొమ్మలకు కొత్త అర్థాలు తీస్తారు. అర్థం మొత్తం రంగు మీద వేయడమూ తప్పే. పురుగుమందు డబ్బా చూడండి. మందును బట్టి దాని మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఒకటి ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఎరుపు ప్రమాదమని ఎవరికైనా తోస్తుంది, నీలం కన్నా పసుపు ఎక్కువ విషమని మాత్రం రంగు తనంతట తాను చెప్పదు, ఎవరో నేర్పాలి. ఎరుపు, పచ్చ తేడా కంటికి తెలియనివాళ్ళూ ఉంటారు. కాబట్టి రంగు తీసేసినా, నింపినవి ఏవో ఖాళీవి ఏవో తెలిసేలా ఉండాలి.

మీ జిల్లాలోనే, పక్కన గజపతి కొండల్లోనూ లాంజియా సవరల ఇళ్ళలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఇడితాల్ బొమ్మలు చూసే ఉంటారు. రెండు త్రికోణాలు, నాలుగు గీతలు, మనిషి నడుస్తున్నట్టే ఉంటాడు. ఎంత తక్కువతో ఎంత చెప్పవచ్చో ఆ గోడలు చూస్తే తెలుస్తుంది. వాటి ముందు కూర్చుని నేర్చుకోండి. కానీ ఆ బొమ్మలను మీ పోస్టుల్లో అలంకారంగా దించుకోకండి. అవి దేవతలకు, పెద్దలకు మొక్కుగా వేసేవి.

పరికరాల గురించి ఎక్కువ ఆలోచించకండి. ఫోన్‌లో కాన్వా అనే బొమ్మల యాప్ ఉచిత వెర్షన్ గానీ, కంప్యూటర్లో గూగుల్ స్లైడ్స్ గానీ సరిపోతుంది. ఒకసారి చుక్కల ముగ్గు, రెండు గీతలు, రెండు ఫోన్లు, పది డబ్బాలు ఇలా నాలుగు ఖాళీ నమూనాలు చేసి పెట్టుకుంటే తర్వాత ప్రతి బొమ్మా వాటికి నకలే. తిప్పలంతా తెలుగు అక్షరాల దగ్గర వస్తుంది. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పంక్తుల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిలో ఇరుక్కుంటుంది. అక్షరాల మధ్య ఎడం మాత్రం సున్నా దగ్గరే ఉంచాలి, పెంచితే కొన్ని యాప్‌లలో అక్షరం, వత్తు విడిపోతాయి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన తెలుగును అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో, మీరే టైపు చెయ్యండి. ఫాంట్లలో అనెక్ తెలుగు తీసుకోండి, దానికి జోడీగా అనెక్ ఒడియా ఉంది. లేదా బాలూ తమ్ముడు, దాని ఒడియా జోడీ బాలూ భాయినా. రెండు లిపుల ప్రతులూ ఒకే చేతి రాతలా కనిపిస్తాయి. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. అతి చిన్న అక్షరం కూడా 44 పిక్సెళ్ళకు తగ్గకూడదు. ఫోన్ చెయ్యి చాపి పట్టుకుని, కళ్ళజోడు తీసేసి చదివి చూసుకోండి.

దాచుకునేటప్పుడు పీఎన్‌జీగా దాచండి. జేపీజీ అయితే గీతల అంచుల చుట్టూ మరకలు పడతాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కి పంపండి.

మూడు జాగ్రత్తలు పాటించండి. బ్యాంకు లోగో, నాలుగు సింహాల ముద్ర వాడకండి. ముద్రకు చట్టం అడ్డుంది, లోగో పెట్టిన పోస్టు మోసగాళ్ళ పోస్టులా కనిపిస్తుంది. ఖాతాదారు పాస్‌బుక్ ఫోటో నంబర్లు చెరిపి పెట్టినా ముప్పే, పేజీ కావాలంటే కొత్తగా గీసి ఊహించిన అంకెలు వెయ్యండి. మీ పని ఏ బ్యాంకు కిందో ఆ శాఖవాళ్ళకు ఈ పేజీ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ప్రతి బొమ్మనూ పెట్టేముందు అయిదుగురికి చూపండి. అయిదు సెకన్లు చూపి, ఫోన్ తిప్పేసి, "ఏం అర్థమైంది?" అని అడగండి. మీరు నోరు విప్పకూడదు, అందించకూడదు. ముగ్గురు ఒకే మాట చెబితే పెట్టేయండి. "బాగుంది" అన్నారంటే అర్థం కాలేదని లెక్క. అయిదుగురిలో ఇద్దరు ఒడియా బడి పిల్లలై ఉండాలి, ఒకరు అసలు చదువు రానివాళ్ళై ఉండాలి.

ఎన్నాళ్ళకు పెరుగుతారో తేదీ చెప్పి ఎవరు మాటిచ్చినా నమ్మకండి. మీ చేతిలో ఉన్నవి మాత్రం చెబుతాను. వారానికి మూడు బొమ్మలు, ఒకే రోజుల్లో, ఒకే రూపంలో. పదిమందిలో మీ బొమ్మ మీదే అని పేరు చూడకుండా తెలియాలి. పేజీ పేరు అడుగున ఎప్పుడూ ఒకేచోట ఉండాలి, ఎందుకంటే బొమ్మ పదిచేతులు మారాక ఎవరు వేశారో ఆ ఒక్క గీతే చెబుతుంది. బొమ్మ లోపల క్యూఆర్ పెట్టినా లాభం తక్కువ, ఏ ఫోన్‌లో బొమ్మ ఉందో దాన్ని అదే ఫోన్‌తో స్కాన్ చెయ్యడం చాలామందికి తెలియదు. క్యూఆర్‌కు చోటు మీ కౌంటరు గోడ. శాఖవాళ్ళు ఒప్పుకుంటే ఆ వారం బొమ్మను ఏ4 కాగితం మీద ప్రింటు తీసి, కింద మూడు నాలుగు సెంటీమీటర్ల క్యూఆర్ వేసి అంటించండి. వరసలో నిలబడ్డవాళ్ళకు చూడడానికి వేరే ఏముంది? అక్కడ చేరినవాళ్ళు నిలుస్తారు, వాళ్ళకు మీరెవరో తెలుసు. సంఘం మహిళలను గ్రూపులో కాకుండా ఛానల్‌లోనే చేర్చండి, గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, ఛానల్‌లో కనబడదు.

ఇన్‌స్టాగ్రామ్‌ను ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకుంటే ఏ బొమ్మను ఎంతమంది పంచారో, ఎంతమంది దాచుకున్నారో కనిపిస్తుంది. లైకులను పక్కన పెట్టి ఆ రెండు అంకెలే రాసుకోండి. పన్నెండు బొమ్మలయ్యాక చూస్తే ఏ రెండు మూడు ఎక్కువగా చేతులు మారాయో తెలుస్తుంది. కొత్త సంగతులు వెతక్కుండా ఆ రెండు మూడింటి చుట్టూనే తర్వాతి పన్నెండు వెయ్యండి. వడ్డీ ముగ్గు పనిచేస్తే బంగారు తాకట్టు వడ్డీకి అదే ముగ్గు, చీటీపాటకు అదే ముగ్గు.

మీ పాత పోస్టులు చెరపకండి. వడ్డీ మీద రాసినది తీసి, దానిలోంచి ఒక్క వాక్యం ఎంచుకుని, రేపు కౌంటరు మూసేముందు చుక్కలు పెట్టడం మొదలుపెట్టండి. మొదటి ముగ్గుకు గంట పట్టవచ్చు, నాలుగోదానికి ఇరవై నిమిషాలు చాలు.